రెండోసారి కనపడని ఇల్లు

చెంబు ఎదురుగానే ఉంది. మద్దిలేటి మోకాలికి జానెడు దూరంలో, ఎప్పుడూ ఉండే చోటే, ఎప్పటి రాగి చెంబే. అయినా అతను కంచం ముందు కూచుని వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"నీళ్ళు యాడ మే?"

సుంకమ్మ పొయ్యి కాడ నుంచి తొంగి చూసింది. మొగుడు పరాచికాలాడుతున్నాడనుకుంది. "కండ్లు నెత్తికెక్కినాయా మామా? ముందరే ఉండాది గదా చెంబు."

"ముందర యాడ?"

ఆమె వచ్చి అతని చెయ్యి పట్టుకుని చెంబు మీద పెట్టింది. చల్లటి రాగి తగిలేసరికి మద్దిలేటి ఉలిక్కిపడ్డాడు. "ఇప్పుడు తెచ్చి పెట్టినావా?" అన్నాడు. ఆ అడగడంలో పరాచికం లేదు.

మరుసటి రోజు వాకిట్లో చెప్పులు కనపడక ఒట్టి కాళ్ళతో పోయాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం కూతురు ఇందు బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. "నాయన బజార్లో నా పక్కనే పోయినాడమ్మా. నాయనా అని పిలిస్తి. నా దిక్కే తిరిగినాడు. మళ్ళ పోయినాడు."

"పరాకుగా ఉంటాడులే," అంది సుంకమ్మ. అంది గానీ చేతిలో గరిటె కాసేపు అట్లనే ఆగిపోయింది.

మద్దిలేటి బస్సు డ్రైవరు. నంద్యాల నుంచి ఘాటు మీదుగా గిద్దలూరికి, మళ్ళీ వెనక్కి. పెండ్లికి ముందు నుంచీ అదే దారి. ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో, వానొస్తే ఏ వంకలో నీళ్ళు ఎందాకా ఎక్కుతాయో అతని తలకంటే చేతులకే ఎక్కువ తెలుసు. ఘాటు దిగేటప్పుడు ఎడమ పక్క, అడవి మీదుగా దూరంగా ఒక కొండ కనపడేది. దాని నడుమ తెల్లటి చార. జారే నీళ్ళో, ఎవరో నడిచిన దారో, ఒట్టి సున్నపురాయో. "ఒకనాడు బస్సాపి పోయి సూసొస్తా," అనేవాడు. కండక్టరు బషీరు టికెట్లు చింపుతూనే నవ్వేవాడు: "పోయిరా అన్నా. అంతదాకా ఈ జనానికి నేను పాటలు పాడతాంటా."

పోయింది లేదు. డ్రైవరుకు లోకమంతా అద్దంలో నుంచి కనపడేదే గానీ కాలు పెట్టేది కాదు.

అట్లాంటివాడికి ఆట దొరికింది.

ఊరి చివర, పాత పత్తి మిల్లు ఉన్న జాగాలో ఒక పరిశోధనశాల వెలిసింది. కొత్త రకం కంప్యూటర్ ఆట తయారు చేస్తున్నారట. ఆడి చూడడానికి దూరం చూసే అలవాటున్న కండ్లు కావాలన్నారు: డ్రైవర్లు, గొర్రెల కాపర్లు, అడవిలో తిరిగేవాళ్ళు. మద్దిలేటి సెలవు రోజుల్లో పోయేవాడు. కుర్చీలో వెనక్కి వాలితే నెత్తికి మెత్తటి టోపీ పెడతారు. అంతే, ఇంకో లోకంలో దిగుతాడు.

మొదటిసారి పోయొచ్చిన రోజు అతను కూచున్న చోట కూచోలేదు. అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి గాల్లోకి లేపి చూపించాడు.

"పచ్చిక బయలు మే. సూసినంత దూరం. ఈ పక్క కూలిపోయిన కోట. ఆ పక్క పొగ లేస్తాండే కొండ. నడుమ ఏరు. ఏరు మీద వంతెన, వంతెన కింద ఎవడో రాక్షసుడు గురక పెడతాండాడు. యాడికి పొమ్మని ఎవురూ చెప్పరు. టైముకు రమ్మని ఎవురూ అడగరు. కంటికి కనపడిందంటే సాలు, ఆడికి పోవచ్చు!"

"కత్తి ఇచ్చినారా నాయనా?" ఇందు అడిగింది.

"ఇచ్చినారు. రాజు పిలిపించి చేతికిచ్చినాడు. నా కూతుర్ని మాయలోడు ఎత్తకపోయినాడు, పోయి తేరా నాయనా అని ఏడ్చినాడు. సరే సామీ అంటి."

"తెచ్చినావా?"

"యాడ? దారిలో వాగొకటి అడ్డమొచ్చె. ఇది యాడ పుడతాదో సూద్దామని ఎగువకు పోతి. పోతాంటే ఒక గుహ. గుహ దాటితే బంగారు రంగు ఆకుల అడివి. ఆ అడివిలో ఎద్దంత ఉడుము!"

"పాపం, ఆ రాజు కూతురు?"

"ఉంటాదిలే. ఎప్పుడు పోయినా ఆడే ఉంటాది. ఆట గదా!"

సుంకమ్మ నవ్వింది. పెండ్లయిన కొత్తలో కూడా ఈ మనిషి ఇన్ని మాటలు మాట్లాడలేదు. ఎండకు ఎర్రబడిన ఆ కండ్లలో ఏదో తడి మెరుపు. పోనీలే, ఒక్కడి సంతోషం ఇంటికంతా వస్తాది అనుకుంది.

ఆ ఆటలో వింతేమంటే దానికి పటమంటూ లేదు. "ఆ కోట వెనక ఏముంది మేడం?" అని మద్దిలేటి అడిగితే ఆట కనిపెట్టిన డాక్టర్ హైమావతి, "నాకూ తెలియదు. మీరు వెళ్ళి చూడాలనుకుంటే పుడుతుంది," అందట. ఎప్పుడూ చూడనిది కంట పడినప్పుడు మనిషి లోపల చిన్న ఉలుకు పుడుతుంది. టోపీ ఆ ఉలుకును పసిగడుతుంది. అది ఎటు పుడితే అటు లోకాన్ని అల్లుకుంటూ పోతుంది. అందుకే దానికి పొలిమేర లేదు. విసుగూ లేదు.

బస్సు సంగతి బషీరు వచ్చి చెప్పాడు. మద్దిలేటిని రెక్క పట్టుకుని ఇంటికి తెచ్చాడు. బషీరు పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"ఘాటులో పెద్ద మలుపుండాదే వదినా, పిట్టగోడ కట్టిన మలుపు. అన్న తిప్పలే. నేరుగా పోతాండాడు. నేను అరిసి స్టీరింగు మీద పడితి. గోడకు ఆనుకుని నిలబడె బండి. ముందు చక్రం కింద రాళ్ళు లోయలోకి రాలిన సప్పుడు ఇంకా వినపడతాండాది."

"నిద్రపోయినావా మామా?"

"లే," అన్నాడు మద్దిలేటి. అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. "మలుపు లేదు మే. ఆడ మలుపే లేదు. దూరంగా కొత్త పోస్టరు అంటించిన రాయి, అంతే. మలుపు నాకు కనపళ్ళే."

ఆ రోజే బస్సు తాళం డిపోలో ఇచ్చేసి వచ్చాడు. ఎవరూ అడగలేదు. అతనే ఇచ్చాడు.

గాలి సోకిందన్నారు కొందరు. ఎదురింటి నారాయణమ్మ మాత్రం వాకిట్లో నిలబడి ఇంటిని కింద నుంచి మీదికి చూసి తేల్చేసింది. "పొయ్యి ఉండాల్సిన మూలన లేదమ్మే. ఇంటి యజమానికి కండ్లు కనపడమంటే ఎట్ల కనపడతాయి?" వాస్తు సిద్ధాంతి వచ్చాడు. తాడు పట్టి కొలిచాడు, నోట్లోనే ఏదో లెక్క కట్టాడు, పొయ్యి మార్పించాడు.

ఆశ్చర్యం! ఆ సాయంత్రం మద్దిలేటి గడప దాటి లోపలికొచ్చి ఆగిపోయాడు. కొత్త మూలలో పొయ్యి, పొయ్యి ముందు సుంకమ్మ. చాలా రోజుల తర్వాత చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

"సుంకీ! చిక్కిపోయినావేందే ఇట్ల?"

ఆమె పొగ వంక పెట్టుకుని ఏడ్చింది. సిద్ధాంతికి పంచెలచాపు, టెంకాయ పంపింది.

రెండు రోజులు బాగుంది. మూడోనాడు అతను ఆమె మీదుగా గోడను చూస్తూ, "ఎవురూ లేరా ఇంట్లో?" అన్నాడు. సిద్ధాంతి మళ్ళీ వచ్చి వీధి తలుపు తూర్పుకు తిప్పాలన్నాడు. తిప్పారు. మద్దిలేటి చూశాడు, భార్యను పేరు పెట్టి పిలిచాడు, ఇందును ఎత్తుకున్నాడు. ఈసారి ఒక రోజే. తర్వాత మంచం తల మార్చారు. అటక తీసేశారు. నడిమి గోడ పగలగొట్టారు. ప్రతి మార్పుకూ అతని కండ్లు తెరుచుకున్నాయి, ప్రతిసారీ ఇంకా తొందరగా మూసుకున్నాయి. ఇంట్లో ఎప్పుడు చూసినా సుత్తి చప్పుడు, ఇటుక దుమ్ము. వాస్తు పని చేస్తున్నదని వీధంతా నమ్మింది. సుంకమ్మా నమ్మింది. ఇంకా సరైన మూల దొరకలేదు, అంతే అనుకుంది.

అసలు సంగతి ఇందు కనిపెట్టింది, కానీ ఎవరికీ చెప్పలేదు. రోజుకో రంగు రిబ్బను కట్టుకునేది. రిబ్బన్లు అయిపోయాక ఒక జడే వేసుకునేది, మరునాడు మూడు. ఒకనాడు బుగ్గ మీద కాటుకతో పెద్ద చుక్క పెట్టుకుని బడికి బయల్దేరింది.

"ఏందే ఆ అవతారం? ఇస్కూల్లో నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. నాయన సూసినాడు పొద్దున," అంది ఇందు.

ఆ మాటకు సుంకమ్మకు అనుమానం తగిలింది: ఇదంతా ఆ ఆటకు పోయినాకనే గదా. ఇటుకలు మోస్తున్న మేస్త్రీని ఆపి, మొగుణ్ణి తీసుకుని పాత పత్తి మిల్లుకు పోయింది.

హైమావతి మెల్లగా మాట్లాడే మనిషి. ముగ్గురూ ఒక గదిలో కూచున్నారు. మద్దిలేటికి సరిగ్గా ఎదురు కుర్చీలో సుంకమ్మ.

"మద్దిలేటిగారూ, ఈ గదిలో ఎవరెవరం ఉన్నాం?"

"మీరు, నేను మేడం."

"మీకు ఎదురుగా?"

"కుర్చీ." కొంచెం ఆగి, "ఖాళీ కుర్చీ," అన్నాడు.

హైమావతి తన కళ్ళద్దాలు తీసి ఆమె చేతికిచ్చింది, పెట్టుకోమని సైగ చేసింది. ఎప్పుడూ కళ్ళద్దాలు పెట్టని ముఖం. అవి ముక్కు మీద కూచున్నాయో లేదో మద్దిలేటి ముందుకు వంగాడు.

"నువ్వెప్పుడొచ్చినావు మే? అద్దాలేంది?" అని పకపకా నవ్వాడు. "ఇస్కూలు టీచరు లెక్కుండావు!"

అతణ్ణి బయట కూచోబెట్టాక హైమావతి అడిగింది. "మీ నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. ఇందాకటి నుంచి చప్పుడు వినపడిందా?"

"ఇప్పుడు మీరంటే వినపడతాండాది."

"రోజూ ఉండేదాన్ని మనసు పక్కకు పెట్టేస్తుంది. అందరికీ అంతే. మా టోపీ ఆ పనిని కొంచెం ఎక్కువ చేస్తుంది, కొత్తది మరింత మెరవాలని. టోపీ తీశాక సర్దుకుంటుందనుకున్నాం." ఆమె తల అడ్డంగా ఊపింది. "సర్దుకోలేదు. అలవాటైనదేదీ ఆయనకు అందడం లేదు. చూపు, మాట, ఏదీ."

"మరి పొయ్యి మార్చితే కనపడితిమి గదా?"

"కొత్తగా ఉంది కనుక కనపడ్డారు. మార్చిన ప్రతిసారీ ఆ జబ్బుకు మేత వేసినట్టే. మీ ఇంటిని కూడా ఆట చేసేశారు, అమ్మా."

సుంకమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "ఇప్పుడు ఏం చేయాల?"

"ఏమీ మార్చకూడదు. ఇల్లు, చీర, కూచునే చోటు, అన్నీ ఒకటిగా. మనసుకు ఇక కొత్తది దొరకనప్పుడు పాతదాన్ని మళ్ళీ వెతుక్కోవాలి. వెతుక్కుంటుందని నా నమ్మకం."

"అంతదాకా?"

"అంతదాకా మీరు ఆయనకు లేనట్టే."

సుంకమ్మ లేవబోతూ చుట్టూ చూసింది. పోయినసారి, మొగుడు ఆటలో చేరిన రోజు సంతకానికి తానూ వచ్చినప్పుడు, బల్ల కిటికీ వైపుంది. ఈసారి తలుపు వైపు. గోడ మీద ముసలావిడ ఫోటో అప్పుడు బీరువా పక్కనుంది, ఇప్పుడు గడియారం కింద. పాత మేకు దిగిన గుర్తులు గోడంతా ఉన్నాయి.

"మేడం, మీరూ పెట్టుకున్యారా టోపీ?"

హైమావతి కళ్ళద్దాలు తుడుచుకుంది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. "ముందు నేనే పెట్టుకున్నాను. ఎంత బాగుంటుందో ఎట్లా చెప్పను? ఆ ఫోటో మా అమ్మది. అటెండరు రోజూ జాగా మారుస్తాడు."

"మరి మార్చొద్దంటిరే?"

"మానలేకపోయాను," అంది హైమావతి. "ఒక్క రోజు కూడా. అందుకే ఇది నయమవుతుందో లేదో నాకు తెలియదు. మానినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు."

"ఈ ఆటను ఆపెయ్యమని పైవాళ్ళకు చెప్పలేదా?"

"చెప్పాను. మనిషి ఇల్లు మరిచిపోయేంత బాగుంది అని రాసుకున్నారు."

ఆ అద్దాలను అడిగి తెచ్చుకుని, ఆ సాయంత్రమంతా సుంకమ్మ వాటిని తీయలేదు. అరుగు మీద కూచుని మొగుడికి అంతా చెప్పింది. అతను తల వంచుకుని విన్నాడు.

"అంటే మీరు ఇంట్లో ఉండి కూడా లేనట్టా?"

"ఉంటాం. నీకు కనపడం. మా కోసం దేవులాడొద్దు. యాడికీ పోవద్దు. కంచం నీ ముందరికి వస్తాది, తిను."

మద్దిలేటి వీధి చివరికి చూశాడు. "ఆ తెల్ల చార కొండ ఆటలో కూడా ఉండాది సుంకీ. దూరంగా. పోయేకొద్దీ ఎనక్కి పోతాది. ఇంకొక్కసారి పోతే అందుతాదని..." మాట మింగేశాడు. "ఎట్లనో ఒకట్ల మీరు చెయ్యండి," అన్నాడు. "నేను అడిగినా మార్చొద్దు."

"పాపను బాగా సూసుకో ఒకసారి," అంది ఆమె.

ఇందు జడ విప్పి రెండు జడలు వేసుకుంది. ఆకుపచ్చ రిబ్బన్లు కట్టుకుంది. తండ్రి ముందు నిలబడింది. అతను ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి చూశాడు. చీకటి పడి ముఖాలు మసకబారేదాకా చూశాడు.

మరునాటి నుంచి ఇల్లు కదలడం మానేసింది. సుంకమ్మది ఒకటే నీలం నేత చీర. సాయంత్రం ఉతికి ఆరేసి పొద్దున మళ్ళీ అదే. స్తంభం పక్కన అదే పీట. చెంబు మోకాలికి జానెడు దూరంలో. మద్దిలేటి ఒంటరి ఇంట్లో తిరిగినట్టు తిరిగేవాడు. ఆమె అతని చెయ్యి పట్టి కంచంలో పెట్టేది. తన చెయ్యే తనంతట తాను పోయిందనుకుని తినేవాడు. ఒక్కోసారి బిగ్గరగా, "సుంకీ, ఉండావా?" అనేవాడు. పక్కనే కూచుని, "ఉండా మామా," అనేది. ఆ మాట ఫ్యాను చప్పుడులో కలిసిపోయేది. అతను ఇంకాసేపు ఎదురుచూసి గోడకు తిరిగి పడుకునేవాడు.

నారాయణమ్మ వచ్చి బుగ్గలు నొక్కుకుంది. "మొగుడికి కనపడే దారి తెలిసీ కనపడకుండా కూచున్యావంటే నీ గుండెను రాతితో చేసినాడమ్మే దేవుడు." సుంకమ్మ పీట మీద నుంచి లేవలేదు. నిజానికి ముక్కుపుడకను కుడి నుంచి ఎడమకు మార్చుకుందామని చెయ్యి లేపి దించిన పొద్దులు ఆమెకే తెలుసు. అంతే, చిటికెలో పని. "సుంకీ" అని ఒక పిలుపు వినపడుతుంది.

వానలు పోయాయి. చలి వచ్చింది. ఊళ్ళో గోడల మీద కొత్త పోస్టర్లు వెలిశాయి: బంగారు రంగు అడివి, వెనక ఒక కొండ, కింద పెద్ద అక్షరాలు, "కనపడే ప్రతి కొండకూ దారి ఉంది." ఆట బజారులోకి వచ్చేసింది. బషీరు వచ్చి చెప్పాడు, కొట్టు ముందు జనం వీధి మలుపుదాకా నిలబడ్డారట. చెప్పి, మద్దిలేటి ఎదుట కాసేపు కూచుని, కనపడక, లేచి పోయాడు.

సుంకమ్మ అన్నిటినీ ఆపింది గానీ ఒక్కదాన్ని ఆపలేకపోయింది. ఇందు పెరుగుతున్నది. లంగా మడత విప్పి కుట్టాల్సి వచ్చింది. సూది గుచ్చుతూ, ఇది కూడా మార్పేనా అని భయపడింది. అయినా అతనికి కనపడలేదు. చెట్టు పెరిగినట్టు, కనపడకుండా పెరిగింది పిల్ల.

ఒకనాడు బడి నుంచి వచ్చి ఇందు పుస్తకాల సంచి మూలన విసిరింది. వంటింట్లో ఏదో వెతుకుతున్న చప్పుడైంది. సుంకమ్మ పోయి చూస్తే, పిల్ల ఒక చేత్తో జడ మొదలు పట్టుకుని ఉంది. ఇంకో చేతిలో కత్తెర.

"వద్దమ్మే!"

"ఒక్కసారమ్మా. ఒక్కసారి సూస్తే సాలు. రేపటి నుంచి మళ్ళ అట్లనే ఉంటా."

"రేపటికి ఇన్నాళ్ళదంతా పోతాది, తల్లీ."

"పోనీ! నాయన నన్ను సూసి ఎన్నాళ్ళాయ? నేను ఎవురి మాదిరి ఉంటానో గూడా మర్సిపోయింటాడు!"

కత్తెర జడను కరిచి ఉంది. సుంకమ్మ చెయ్యి చాచి ఆగింది. లాక్కోవచ్చు. లాక్కోలేకపోయింది. పిల్ల అడిగేది తనకూ కావాల్సిందే. చెయ్యి ముక్కుపుడక మీదికి పోయింది.

అప్పుడు అరుగు మీద నుంచి మద్దిలేటి గొంతు వినపడింది. ఎవరికీ కాదు, ఎదుట గాలికి చెప్పుకుంటున్నట్టు.

"వాగు పుట్టిన కాడికి పోయినా గానీ, ఆడేం లేదు. ఇంకో వాగు ఉండె, అంతే." ఊపిరి తీసుకున్నాడు. "ఆ రాజు కూతుర్ని తేనే లేదు. పాపం అనె. ఎవురో అనిరి... చిన్న గొంతు."

కత్తెర సందు విచ్చుకుంది. ఇందు జడ వదిలేసి వాకిట్లోకి పరిగెత్తింది. తండ్రి ముందు, అరుగు కింద, అతను చివరిసారి చూసిన సాయంత్రం నిలబడిన చోటే నిలబడింది. రెండు జడలు. ఆకుపచ్చ రిబ్బన్లు, ఉతికి ఉతికి వెలిసినవి.

మద్దిలేటి ఆమెను చూడలేదు. అతని కండ్లు వీధి మీదే ఉన్నాయి. కానీ కుడి చెయ్యి మోకాలి మీద నుంచి లేచింది. ముందుకు వచ్చింది. పిల్ల నెత్తి ఉండాల్సిన చోటికి, అప్పటి ఎత్తుకు వచ్చి, అరచెయ్యి కిందికి తిప్పి గాల్లో ఆగింది.

ఆ చెయ్యి ఇప్పుడు ఇందు నొసటికి వస్తున్నది.

పిల్ల ఒక క్షణం ఆ చేతిని చూసింది. తర్వాత మోకాళ్ళు వంచింది. కొంచెం, ఇంకొంచెం. తల ఆ అరచెయ్యి కిందికి సరిగ్గా సరిపోయేదాకా వంగి, అట్లనే ఆగిపోయింది.

వేళ్ళు పాపిట మీద కదిలాయి. జడ మొదలు తడిమాయి, కత్తెర కొరికిన చోట ఒకసారి ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"ఉండావా?" అన్నాడు మద్దిలేటి, వీధి వైపే చూస్తూ.

"ఉండా నాయనా."

అతను ఆ మాట విన్నాడో లేదో గడప కాడ నిలబడిన సుంకమ్మకు తెలియలేదు. చెయ్యి మాత్రం తీయలేదు. ఎండ అరుగు దిగి వాకిలి దాటి పోయింది. పిల్ల కాళ్ళు వణుకుతున్నాయి. అయినా నిటారుగా నిలబడలేదు.